హాన్లే చీకట్లో దేవయాని రంగు

హాన్లేలో పొద్దుగూకగానే ఇళ్ల కిటికీలకు మందపాటి పరదాలు దిగుతాయి. ఆరుబయట బల్బు వెలిగించక తప్పకపోతే దానికి మూత తొడిగి, వెలుగు నేల మీదే పడేట్టు చేస్తారు. రాత్రిపూట ఊళ్లోకి వచ్చే బండ్లు హెడ్‌లైట్లు దించుకుని మెల్లగా రావాలి. 2022 డిసెంబరులో లద్దాఖ్ పాలనా యంత్రాంగం ఈ ఊరి చుట్టూ వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతాన్ని 'డార్క్ స్కై రిజర్వ్'గా ప్రకటించింది. దేశంలో అలాంటిది ఇదే మొదటిది. ఈ నేల అంతకుముందు నుంచే చాంగ్‌థాంగ్ అభయారణ్యంలో భాగం. కియాంగ్ అనే అడవి గాడిదలకూ, నల్లమెడ కొంగలకూ ఉన్న రక్షణ ఇప్పుడు చీకటికి కూడా దక్కింది.

నేనూ మా మేనల్లుడూ హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చింది ఆ చీకటి కోసమే. దేవయాని అని మనం పిలుచుకునే ఆండ్రోమెడా గెలాక్సీని, దానికి దగ్గర్లోనే ఉండే మెస్సియే 33 అనే మరో గెలాక్సీని ఒకే ఆకాశం కింద, ఒకే కెమెరాతో తీయాలి. తీశాక వాటి రంగు ఉన్నది ఉన్నట్టుగా రాబట్టాలి. ఫొటో తీయడం ఇందులో సగం పనే. మిగతా సగం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసేది. చాలామంది దారి తప్పేది అక్కడే అని నా నమ్మకం.

లేహ్ చేరగానే బయల్దేరిపోవడం ఎవరికీ మంచిది కాదు. ఆ ఊరే మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉంటుంది. హాన్లే నాలుగు వేలు దాటుతుంది. లేహ్‌లో ఆగి, ఆ పల్చని గాలికి ఒళ్లు అలవాటయ్యాక, అనుమతి పత్రాలు చేతికి వచ్చాక సింధు నదిని పట్టుకుని తూర్పుకు సాగాం. ఉప్శీ దగ్గర మనాలి దారి విడిపోతుంది. అక్కడి నుంచి నది పక్కనే చుమాథాంగ్ వేడినీటి ఊటలు, మాహే వంతెన, న్యోమా, లోమా. లోమా దగ్గర కాగితాలు చూపించి, సింధును దాటి దక్షిణానికి తిరిగితే దారి ఒక్కసారిగా వెడల్పాటి మైదానంలోకి దిగుతుంది. గడ్డి పసుపుపచ్చగా మారే కాలం. పష్మీనా మేకల మందలు, దూరంగా కొండ మీద పదిహేడో శతాబ్దపు బౌద్ధ గొంపా, దానికి ఎదురుగా మరో కొండ మీద తెల్లటి గోపురం.

ఆ గోపురంలో ఉన్నది హిమాలయన్ చంద్ర టెలిస్కోప్. రెండు మీటర్ల అద్దం, నాలుగున్నర వేల మీటర్ల ఎత్తు, 2000లో తొలి వెలుగు. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టారు. దీన్ని నడిపేవాళ్లు బెంగళూరు పక్కన హోస్కోటెలో కూర్చుని ఉపగ్రహం ద్వారా నడుపుతారు. నడిపేది భారత ఖగోళ భౌతిక సంస్థ. 1971లో ఆ సంస్థ స్వతంత్రంగా ఏర్పడినప్పుడు దాన్ని తీర్చిదిద్దిన వైను బప్పు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివినవాడు. ఆయన తండ్రి మన నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశాడు. కొండ దిగువన మైదానంలో నిలబడ్డ 21 మీటర్ల గామా కిరణాల దూరదర్శిని 'మేస్'ను భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి తయారుచేసింది హైదరాబాదు ఈసీఐఎల్. దాని అద్దాల పలకల మీద సాయంత్రపు ఎండ పడుతుంటే మావాడు, "ఇది మన ఊళ్లో తయారైందా మామయ్యా!" అని బండి ఆపించాడు.

మేం దిగిన ఇంటి యజమానురాలిని ఊళ్లో అందరూ ఆచే-లే అంటారు, మేమూ అలాగే పిలిచాం. భారత ఖగోళ భౌతిక సంస్థ ఈ పల్లెల వాళ్లకు ఆకాశం చూపించడంలో శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చింది. అలా నేర్చుకున్నవాళ్లలో ఆమె ఒకరు. వచ్చిన యాత్రికులకు రాత్రిళ్లు శనిగ్రహాన్నీ, నక్షత్ర గుచ్ఛాలనూ, గెలాక్సీలనూ చూపిస్తారు. "శనిని చూస్తే అందరూ కేక పెడతారు. దేవయానిని చూస్తే మాత్రం సగం మంది మొహాలు వాడిపోతాయి. ఫోన్లో ఊదా, నీలం, గులాబీ చూసి వస్తారు కదా. ఇక్కడ బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది. టెలిస్కోపు బాగాలేదేమో అంటారు," అని ఆమె హిందీలో చెప్పారు. ఆ మాట వినడానికే ఇంత దూరం వచ్చినా నష్టం లేదనిపించింది నాకు. రంగులు కుమ్మరించిన ఫొటోల బరువు ఎక్కడ పడుతుందో, ఎవరు మోయాల్సి వస్తుందో అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

అమావాస్య దగ్గర్లో ఉంది. చీకటి పూర్తిగా పడ్డాక తలెత్తితే మొదట తెలిసిన చుక్కలు కూడా గుర్తుపట్టలేం, అన్ని కొత్త చుక్కలు మధ్యలో వచ్చి చేరతాయి. పంచాంగంలో పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర అని చదువుకునే నక్షత్రాలు ఆకాశంలో ఒక పెద్ద చతురస్రానికి నాలుగు మూలలు. ఉత్తరాభాద్రలోని ఉత్తరపు చుక్క నుంచి తూర్పుగా, ఉత్తరంగా వెళ్తే కాస్త ఎర్రగా కనిపించే మిరాక్ వస్తుంది. అక్కడి నుంచి పక్కకు రెండు చిన్న చుక్కలు ఎక్కితే, దేవయాని. మిరాక్‌కు రెండో వైపు దాదాపు అంతే దూరంలో మెస్సియే 33 ఉంటుంది. హైదరాబాదు నుంచి దాన్ని వట్టి కంటితో చూడడం గురించి ఆలోచించనక్కర్లేదు. హాన్లేలో మావాడు అరగంట చీకట్లో కూర్చుని, కాస్త పక్కచూపుతో దాన్ని పట్టుకున్నాడు. దేవయానికైతే ఏ పక్కచూపూ అక్కర్లేదు. 964లో పర్షియాకు చెందిన అల్-సూఫీ దాన్ని చిన్న మబ్బుగా నమోదు చేశాడు. 25 లక్షల ఏళ్ల కింద బయల్దేరిన కాంతి అది.

ఆ మబ్బుకు కంటిలో రంగు లేదు. తప్పు టెలిస్కోపుది కాదు. చీకట్లో మన కంటిలో పనిచేసేవి దండకణాలు, వాటికి రంగు తెలియదు. రంగు చూసే శంకుకణాలకు అంత తక్కువ వెలుగు చాలదు. పెద్ద టెలిస్కోపు తెస్తే గెలాక్సీ పెద్దదిగా కనిపిస్తుంది గానీ, విస్తరించి ఉన్న వస్తువు ప్రతి చదరపు భాగం వట్టి కంటికి కనిపించేదానికంటే ప్రకాశవంతం కాదు. ఎన్ని మీటర్ల అద్దమైనా ఈ నియమాన్ని దాటలేదు. నక్షత్రం ఒక బిందువు కాబట్టి మిరాక్ ఎరుపు మనకు తెలుస్తుంది. గెలాక్సీ రంగు తెలియాలంటే వెలుగును గంటల తరబడి పోగుచేసే సాధనం కావాలి. కెమెరా ఆ పని చేస్తుంది. అందుకని గెలాక్సీ రంగు కల్పితమని అనుకోకూడదు. వర్ణపటంలో కొలవగలిగేది, కొలిచి సంఖ్యలు రాసిపెట్టినది.

రాత్రంతా మా పని ఒకే తీరుగా సాగింది. భూమి తిరుగుడుకు ఎదురుగా తిరిగే ట్రాకర్ మీద కెమెరా, నిమిషాల కొద్దీ ఎక్స్‌పోజర్లు ఒకదాని తర్వాత ఒకటి. అర్ధరాత్రికి దేవయాని నడినెత్తికి కాస్త ఉత్తరంగా వస్తుంది. అప్పుడు దాని వెలుగు దాటి రావలసిన గాలి అతి తక్కువ. నీలి కాంతిని గాలి ఎక్కువగా చెదరగొడుతుంది కనుక, దిగంతానికి దగ్గర్లో తీసిన ఫొటోలో నీలం ముందే కరిగిపోయి ఉంటుంది. హాన్లేలో గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో అరవై శాతం లోపే. తేమ ఇంకా తక్కువ. రంగు సరిచేసే పని ఇక్కడ కొండే సగం చేసిపెడుతుంది. మధ్యమధ్య కొన్ని పొట్టి ఎక్స్‌పోజర్లు కూడా తీశాం. పొడవాటి ఎక్స్‌పోజర్లలో ప్రకాశవంతమైన చుక్కలు సెన్సర్‌ను నింపేసి తెల్లగా మిగులుతాయి, వాటి రంగు ఇక ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. చలి సున్నాకు చాలా దిగువకు దిగింది. బ్యాటరీలను చొక్కా లోపల ఒంటికి ఆనించి దాచుకుని మార్చుకుంటూ వచ్చాం. చివర్న, తర్వాతి దిద్దుబాటు కోసం, లెన్సుకు మూత పెట్టి డార్క్ ఫ్రేములు, తెల్లారే వెలుగులో లెన్సు ముందు తెల్లగుడ్డ కట్టి ఫ్లాట్ ఫ్రేములు.

పగలు ఆచే-లే వంటింట్లో పొయ్యి పక్కన ల్యాప్‌టాప్ తెరిచాం. గుర్‌గుర్ చాయ్ వస్తూనే ఉంది. నేను మొదట చేయించింది తెర మీద రాత్రిపూట పసుపు పులిమే సదుపాయాన్ని ఆపేయించడం. రెండోది, కంటిని నమ్మొద్దని చెప్పడం. ఎర్రటి తివాచీ, పొయ్యి మంట, కిటికీలోంచి లద్దాఖ్ ఎండ, వీటి మధ్య కూర్చున్న కన్ను ఐదు నిమిషాల్లో దేన్నైనా తెలుపని ఒప్పుకుంటుంది. అందుకే కర్సరు పెట్టి పిక్సెల్ విలువలు చదువుతూ పనిచేయాలి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని.

ఫ్రేములన్నీ కలిపి స్టాక్ చేయగానే తెర మీద పడింది పచ్చటి బొమ్మ. మావాడు కంగారుపడ్డాడు. కంగారు అక్కర్లేదు. కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండింటికి ఆకుపచ్చ ఫిల్టరు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం ఉంటాయి. పైగా మూడు రంగులకూ సెన్సర్ ఒకేలా స్పందించదు. మామూలు ఫొటోలో కెమెరా తనే గుణకాలు వేసి సరిచేస్తుంది. ఇక్కడ ముడి సమాచారం మన చేతికి వచ్చింది, సరిచేసే బాధ్యత మనది.

"ఆకుపచ్చ తీసేసే బటన్ ఉంది కదా మామయ్యా, నొక్కేద్దాం."

"ఇప్పుడే కాదురా. ముందు ఆకాశాన్ని తీసెయ్యాలి, తర్వాత తెలుపు."

ఈ వరుస మార్చితే మొత్తం పాడవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. ఫొటోలో ప్రతి పిక్సెల్‌లోనూ రెండు వెలుగులు కలిసి ఉంటాయి: గెలాక్సీది, దాని ముందున్న మన ఆకాశానిది. హాన్లేలో ఊరి వెలుగు లేదు నిజమే, ఆకాశం మాత్రం పూర్తి నలుపు కాదు. భూమికి సుమారు 95 కిలోమీటర్ల పైన ఆక్సిజన్ పరమాణువులు 557.7 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతూ ఉంటాయి. దీన్నే ఎయిర్‌గ్లో అంటారు. ఇంకా పైన అదే ఆక్సిజన్ 630 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. 2024 మే నెలలో సౌర తుఫాను వచ్చినప్పుడు హాన్లే ఆకాశం ఎర్రబడిన ఫొటోలు మీరు చూసే ఉంటారు, అది ఆ ఎరుపే. ఎయిర్‌గ్లో రాత్రి గడిచేకొద్దీ మారుతుంది, ఒక దిక్కున ఎక్కువ, మరో దిక్కున తక్కువ. దేవయాని బయటి చేతుల వెలుగు ఈ ఆకాశపు వెలుగు మీద కొద్ది శాతం మాత్రమే ఎక్కువ. ఉదాహరణకు ఆకాశం విలువలు ఎరుపులో 300, ఆకుపచ్చలో 420, నీలంలో 340 అనుకుంటే, గెలాక్సీ అంచు వాటికి ఇరవయ్యో ముప్పయ్యో కలుపుతుంది, అంతే.

ఆకాశం వెలుగు కలిసింది కూడికగా, కనుక తీసివేతతోనే పోతుంది. సెన్సర్ పక్షపాతం గుణకారంగా వచ్చింది, కనుక గుణించే సరిచేయాలి. ముందు గుణిస్తే ఆకాశపు వెలుగు కూడా పెరిగి, గెలాక్సీ నడిబొడ్డున ఒక రంగు, అంచున మరో రంగు పుట్టుకొస్తాయి. కిరాణా కొట్టువాడు ఖాళీ తక్కెడ సమంగా ఉందో లేదో చూసుకున్నాకే తూకపు రాయి వేస్తాడు, ఇదీ అంతే. ఖాళీ ఆకాశం ఎక్కడుందో వెతకడమే కష్టం. దేవయాని ఆకాశంలో మూడు డిగ్రీల పొడవు, ఆరు నిండు చందమామలను వరుసగా పేర్చినంత. గెలాక్సీ అంచు మీదే నమూనా బిందువు పెట్టి "ఇది ఆకాశం" అని సాఫ్ట్‌వేర్‌కు చెబితే అది గెలాక్సీ వెలుగునే తీసి పారేస్తుంది. ఫ్రేము మూలల్లో, చుక్కలు పల్చగా ఉన్నచోట్ల నమూనాలు పెట్టి, ఎయిర్‌గ్లో వాలును లెక్కగట్టించి తీసేశాం. మధ్యాహ్నం అంతా దానికే పోయింది. పోవలసిందే.

ఇక తెలుపు. ఏ వెలుగును తెలుపు అనాలి? ఈ ప్రశ్న వృత్తి శాస్త్రవేత్తలను కూడా వదల్లేదు. 2002 జనవరిలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోని కార్ల్ గ్లేజ్‌బ్రూక్, ఇవాన్ బాల్డ్రీ రెండు లక్షలకు పైగా గెలాక్సీల వర్ణపటాలను కలిపి విశ్వం సగటు రంగు లేత ఆకుపచ్చ కలిసిన నీలమని ప్రకటించారు. కొద్ది వారాలకే ఆ లెక్కలో వాడిన సాఫ్ట్‌వేర్ తెలుపు బిందువును సరిగా తీసుకోలేదని తేలింది. మార్చిలో సవరించి, పాలు ఎక్కువ పోసిన కాఫీలాంటి లేత గోధుమ రంగని చెప్పారు. వర్ణపటాలు మారలేదు, గెలాక్సీలు మారలేదు. తెలుపు ఒక్కటే మారింది. వాళ్లు బహిరంగంగా సవరించుకున్న తీరు నాకు ఎంతో గౌరవంగా అనిపిస్తుంది.

మా ముందు రెండు దారులున్నాయి. సూర్యుడి లాంటి నక్షత్రాన్ని తెలుపుగా తీసుకోవచ్చు. మన కళ్లు ఎదిగింది ఆ వెలుగులోనే కాబట్టి దానికి న్యాయముంది. లేదా సగటు సర్పిల గెలాక్సీ మొత్తం వెలుగును తెలుపు అనవచ్చు. అందులో పాత చుక్కలూ కొత్త చుక్కలూ అన్నీ ఉంటాయి, ఏ ఒక్క నక్షత్రానికీ పెద్దపీట వేయనక్కర్లేదని దాని పక్షం వాళ్ల వాదన. నేను సూర్యుడినే ఎంచుకున్నాను. రెండింటి మధ్య తేడా కొద్దిదే. ఏది వాడామో చెప్పడం ముఖ్యం.

ఎంచుకున్నాక చేసేది కొలత. సాఫ్ట్‌వేర్ ఫొటోలోని చుక్కల అమరికను చూసి ఆకాశంలో అది ఏ చోటో పోల్చుకుంటుంది. ఒక్కో చుక్కకూ పట్టికలో ఉన్న రంగుతో మన సెన్సర్ చూపిన రంగును సరిపోలుస్తుంది. 2022లో గైయా ఉపగ్రహం బృందం దాదాపు 22 కోట్ల వస్తువుల వర్ణపటాలను అందరికీ తెరిచిపెట్టింది. కొండ మీది గోపురంలో పనిచేసేవాళ్లకు దొరికే పట్టికే వంటింట్లో కూర్చున్న మాకూ దొరికింది. సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఈ పని అయిపోతుంది. వందల చుక్కలు ఓట్లేసినట్టుగా కలిసి మూడు గుణకాలు తేలుస్తాయి.

"అంటే తెలుపు మనిష్టమేనా మామయ్యా?"

"తెలుపు మనం ఎంచుకుంటాం. ఎంచుకున్నాక మిగతా ఏ రంగూ మన చేతిలో ఉండదు."

దేవయాని రంగు తేలింది. మావాడి మొహం పడిపోయింది. నడిబొడ్డు నిండు మీగడ పసుపు, చుట్టూ చేతులు ఆ పసుపులోంచి మెల్లగా తెల్లబడి, అంచుల్లో మాత్రం లేత నీలం. ధూళి దారులు గోధుమ రంగు. అతను పుస్తకాల అట్టల మీదా, గోడ బొమ్మల మీదా చూసి పెరిగిన మెరుపు నీలం ఎక్కడా లేదు. "ఇది నీలంగా ఉండాలి కదా! కొత్త చుక్కలు నీలం అని మీరే చెప్పారు," అన్నాడు.

అప్పుడు మెస్సియే 33 తెరిచాం. అదే రాత్రి, అదే కెమెరా, అదే తెలుపు. ఆ గెలాక్సీ నీలంగా వచ్చింది. నడుమ చిన్న పసుపు మచ్చ తప్ప మిగతా చేతులన్నీ చల్లని నీలం, వాటి మీద గులాబీ బొట్లు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఖగోళ శాస్త్రవేత్తలు నీలం ఫిల్టరులోనూ పసుపుపచ్చ ఫిల్టరులోనూ వెలుగు కొలిచి, తేడాను వర్ణ సూచికగా రాస్తారు. సంఖ్య పెరిగేకొద్దీ ఎరుపు వైపు. ఉత్తరాభాద్రలోని ఆ నీలి తెలుపు చుక్కకు సుమారు -0.11, సూర్యుడికి 0.65, మిరాక్‌కు 1.57. దేవయాని మొత్తానికి 0.92, మెస్సియే 33కి 0.55. సూర్యుడిని తెలుపు అనుకుంటే ఒకటి తెలుపుకు పసుపు వైపున, మరొకటి నీలం వైపున నిలబడాలి. మా బొమ్మల్లో అలాగే నిలబడ్డాయి. దేవయానిలో వెలుగంతా ఎక్కువగా వయసు మళ్లిన చుక్కలది. మెస్సియే 33లో చుక్కలు పుట్టడం ఇంకా జోరుగా సాగుతోంది. రంగు ఇక్కడ అలంకారం కాదు, గెలాక్సీ వయసు, జీవితం. దేవయానికి నీలం పూస్తే ఆ తేడా చెరిగిపోతుంది. రెండు గెలాక్సీల కథలు ఒక్కటే అయిపోతాయి. నాకు అభ్యంతరం అక్కడ.

దేవయానిలో నీలం అసలే లేదని కాదు. నైరుతి చేతిలో ఎన్‌జీసీ 206 అనే నక్షత్ర మేఘం నిజంగా నీలం. చుట్టూ పసుపు ఉన్నప్పుడే ఆ నీలం ఎంత విలువైనదో తెలుస్తుంది. మావాడు దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

మెస్సియే 33లోని గులాబీ బొట్ల గురించీ ఒక మాట. అవి వేడి చుక్కల చుట్టూ వెలిగే హైడ్రోజన్ మేఘాలు. వాటిలో పెద్దదైన ఎన్‌జీసీ 604 సుమారు 1,500 కాంతి సంవత్సరాల వెడల్పు. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. మామూలు కెమెరా లోపలి ఫిల్టరు ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది, అందుకే ఈ పనికి ఫిల్టరు మార్చిన కెమెరాలు వాడతారు. మార్చాక, ఆ ఒక్క ఎరుపునే విడిగా తీసి దట్టంగా కలిపేసి మేఘాలను నెత్తురు రంగు చేసేవాళ్లున్నారు. అదే హైడ్రోజన్ 486 దగ్గర నీలంగా, పక్కనే ఉన్న ఆక్సిజన్ 500.7 దగ్గర నీలి ఆకుపచ్చగా కూడా వెలుగుతాయి. అన్నీ కలిస్తే వచ్చేది గులాబీయే.

ఈ జాగ్రత్త డిజిటల్ కాలంలో పుట్టినది కాదు. 1888 డిసెంబరులో ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ దేవయానిని ఫొటో తీసి దాని సర్పిల చుట్లు మొదటిసారి చూపించినప్పుడు అది నలుపు తెలుపు ప్లేటు. 1950ల చివర్లో పాలోమార్ అబ్జర్వేటరీలో విలియం మిల్లర్ కలర్ ఫిల్ము మీద గెలాక్సీలను తీశాడు. 1959లో నేషనల్ జియోగ్రాఫిక్ వాటిని అచ్చువేసింది. పొడవాటి ఎక్స్‌పోజర్లలో ఫిల్ములోని మూడు పొరలూ మూడు రకాలుగా అలసిపోతాయి, రంగు పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును ప్రయోగశాలలో కొలిచి, సరిచేశాకే ఆయన బొమ్మలు బయటపెట్టాడు. తర్వాత ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో మూడు నలుపు తెలుపు ప్లేట్లు తీసి, చీకటి గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి రంగు తెప్పించాడు. బటన్లు లేని రోజుల్లో వాళ్లు పెట్టిన శ్రద్ధ ముందు మన మధ్యాహ్నాలు ఏపాటి?

సాయంత్రానికి చివరి మెట్టు మిగిలింది. ఇప్పటిదాకా బొమ్మ చీకటిగానే ఉంటుంది. అంచుల్లోని వెలుగు కనిపించాలంటే దాన్ని సాగదీయాలి. ఒక్కో రంగు చానల్‌ను విడివిడిగా సాగదీస్తే ప్రకాశవంతమైన చోట్ల మూడూ ఒకే ఎత్తుకు చేరి, నడిబొడ్డూ చుక్కలూ సున్నంలా తెల్లబడతాయి. 2004లో రాబర్ట్ లప్టన్, ఆయన సహచరులు చూపించిన పద్ధతిలో మూడు రంగుల నిష్పత్తి చెదరకుండా ప్రకాశాన్ని మాత్రం సాగదీస్తారు. అలా చేశాక మిరాక్ నారింజ రంగులో నిలబడింది, వేడి చుక్కలు నీలంగానే ఉన్నాయి. ఆకుపచ్చ చుక్క ఒక్కటీ లేదు. ఉండకూడదు కూడా. నక్షత్రం ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎరుపు, పసుపు, తెలుపు, నీలం అవుతుంది గానీ మన కంటికి ఆకుపచ్చ ఎప్పుడూ కాదు. ఎవరి ఫొటోలోనైనా పచ్చటి చుక్కలు కనిపిస్తే అక్కడ తూకం కుదరలేదని అర్థం.

మావాడు రంగుల గాఢత కాస్త పెంచుదామన్నాడు. పెంచాం. బొమ్మంతటికీ ఒకేలా పెంచితే ఏ రంగుకూ అన్యాయం జరగదు, ఏది నీలమో ఏది పసుపో అలాగే ఉంటుంది. చేతులను మాత్రం ఎంచి, ముసుగు గీసి, అక్కడ నీలం పోయడం వేరే పని. దాన్ని చిత్రకళ అనండి, అందంగా ఉంటే గోడకు తగిలించుకోండి, గెలాక్సీ ఫొటో అని మాత్రం చెప్పకండి.

ఆచే-లే రెండు బొమ్మలనూ తదేకంగా చూశారు. ఒకదాన్ని తన ఫోన్లోకి పంపమన్నారు. "దీన్ని ముందు చూపించి, ఆ తర్వాత టెలిస్కోపులో చూపిస్తాను. కంటికి ఎందుకు బూడిదగా ఉందో, కెమెరాకు ఎందుకు పసుపో అప్పుడు చెప్పగలను. నీలం బొమ్మతో ఏం చెప్పను?" అన్నారు. ఆ రాత్రే కొత్త యాత్రికులు వస్తే అలాగే చేశారు. నేను దూరంగా ట్రాకర్ సరిచేసుకుంటూ విన్నాను. ఈసారి టెలిస్కోపు బాగాలేదని ఎవరూ అనలేదు. ఒకావిడ మళ్లీ మళ్లీ ఐపీస్ దగ్గరికి వెళ్లి ఆ బూడిద మచ్చనే చూసింది.

హాన్లే వెళ్లదలచినవాళ్లు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమావాస్యకు అటూ ఇటూ చూసుకోండి. ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే దిగండి, తెల్ల టార్చి వెలిగించకండి. ఉమ్లింగ్ లా కనుమ మీదికి మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు పగలే ఊరు దాటండి. అంత దూరం వెళ్లలేనివాళ్లకు దేవయాని దూరమేమీ కాదు. కార్తీక మాసంలో అమావాస్య దగ్గర్లో, రాత్రి తొమ్మిది ప్రాంతంలో, ఊరి దీపాలు తగలని ఏ పొలం గట్టునో నిలబడి ఉత్తరం వైపు తలెత్తండి. మన తెలుగు నేల మీద అప్పుడది ఆకాశంలో మూడింట రెండొంతుల ఎత్తు దాటి ఉంటుంది. మామూలు కెమెరా, చిన్న ట్రాకర్ ఉన్నా ఫొటో వస్తుంది. తీసినవాళ్లు ముడి ఫ్రేములు చెరిపేయకండి. నలుగురికీ పంచేటప్పుడు బొమ్మ కింద ఒక వరుస రాయండి: ఎక్కడ తీశారు, ఎంతసేపు తీశారు, దేన్ని తెలుపుగా తీసుకున్నారు.